కళ్ళారా చూసినదంతా నిజమేనా?

కంటికీ చెవికీ ఉన్న దూరమే నిజానికీ అబద్ధానికీ ఉన్న దూరమని పెద్దలంటారు. విన్నది నమ్మవద్దు, చూసినది నమ్మమని దాని భావం. కోర్టులోనైనా, పంచాయితీలోనైనా, ఇంట్లో పోయిన గొలుసు గురించైనా "నా కళ్ళతో నేను చూశాను" అన్న మాటకి ఉన్న బలం మరే మాటకీ లేదు.

ఈ మాటకి ఆస్పత్రిలో కూడా చాలా విలువ ఉంది. కొన్ని జబ్బులు రక్తపరీక్షలో కనిపించవు, ఎక్స్-రేలోనూ కనిపించవు. చూసినవాళ్ళు చెప్పినదాన్నిబట్టే డాక్టరు నిర్ణయించవలసి వస్తుంది. కాబట్టి చూసిన సంగతి మనకి ఎంతవరకు సరిగా గుర్తుంటుంది, ఎక్కడ తప్పుతుంది అన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండటం మంచిది.

నలుగురు చూశారు, నాలుగు రకాలుగా చెప్పారు

ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరుగుతోందనుకోండి. పొద్దుటినుంచీ ఏమీ తినని పన్నెండేళ్ళ కుర్రవాడు నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. వెంటనే డాక్టరు దగ్గరకి తీసుకువెళ్ళారు.

"అరగంటసేపు కొట్టుకున్నాడండీ" అంటుంది తల్లి. "నోట్లోంచి నురగ కూడా వచ్చింది" అంటుంది బామ్మ. "అంతసేపెక్కడ? చేతులు కాస్త అదిరాయి, రెండు నిముషాల్లో లేచి మంచినీళ్ళడిగాడు" అంటాడు మేనమామ. "ముందు మొహం తెల్లగా పాలిపోయింది, చెమటలు పట్టాయి" అంటుంది అక్క. కుర్రవాణ్ణి అడిగితే కళ్ళు చీకట్లు కమ్మినంతవరకే గుర్తుంది, తరవాత ఏమీ తెలియదు.

ఇందులో అబద్ధం చెప్పాలనుకున్నవారు ఎవరూ లేరు. అయినా ఎవరి మాట తీసుకున్నామన్నదాన్నిబట్టి వైద్యం మారిపోతుంది. తల్లి, బామ్మ చెప్పినది నిజమైతే అది ఫిట్స్ కావచ్చు. మేనమామ, అక్క చెప్పినది నిజమైతే అది మామూలు సొమ్మ కావచ్చు. మెదడుకి రక్తం ఒక్క క్షణం తగ్గి పడిపోయినవాళ్ళకి కూడా కాళ్ళూ చేతులూ కాసేపు అదరడం మామూలే. చూసినవాళ్ళు దాన్నే ఫిట్స్ అనుకుంటారు.

ఇ.ఇ.జి. తీస్తే తేలిపోతుంది గదా అని మీరనవచ్చు. ఫిట్స్ ఉన్నవాళ్ళలోనూ ఆ పరీక్ష ఒక్కొక్కసారి మామూలుగానే ఉంటుంది. అందుకే ఎంత పెద్ద నిపుణుడైనా ముందు "చూసినవాళ్ళెవరు?" అని అడుగుతాడు. పొరపాటున ఫిట్స్ అన్న ముద్ర పడితే, ఆ పిల్లవాడు ఏళ్ళ తరబడి మాత్రలు మింగాలి. ఈత వద్దంటారు, సైకిలు వద్దంటారు. ఆడపిల్లయితే పెళ్ళి సంబంధాల దాకా ఆ మాట వెంట వస్తుంది. రెండోవైపు పొరపాటు కూడా తక్కువది కాదు. గుండె కొట్టుకునే తీరులో లోపం వల్ల పడిపోయినవాణ్ణి "నీరసం, ఏం ఫరవాలేదు" అని ఇంటికి పంపితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

జ్ఞాపకం ఎలా తయారవుతుంది?

మనం చూసినది మెదడులో ఫొటోలా అచ్చుపడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. చూస్తున్న సమయంలో మన దృష్టి ఎక్కడుందో అంతవరకే లోపలికి చేరుతుంది. చేరినదాంట్లో కొంత నిలుస్తుంది, కొంత పోతుంది. తరవాత గుర్తు చేసుకున్నప్పుడు, నిలిచిన ముక్కల్ని పోగుచేసి మెదడు ఆ సంఘటనని మళ్ళీ అల్లుతుంది. మధ్యలో ఖాళీలుంటే తనకి తెలిసిన విషయాలతో పూరిస్తుంది. ఏది చూసిన ముక్కో, ఏది పూరించిన ముక్కో మనకి తెలియదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని వివరించాడు. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఆంగ్లేయుల చేత చదివించి, కొంతకాలం తరవాత మళ్ళీ చెప్పించాడు. కథ పొట్టిదయింది. వాళ్ళకి వింతగా తోచిన సంగతులు జారిపోయాయి. ఆదివాసుల దోనె మామూలు పడవ అయింది, సీల్ జంతువుల వేట చేపలు పట్టడంగా మారింది. చెప్పినవాళ్ళు మాత్రం తాము చదివిందే చెబుతున్నామనుకున్నారు.

మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతుంది. ఫిట్స్ అంటే నోట్లో నురగ వస్తుందని బామ్మకి ముందే తెలుసు. మనవడు పడిపోగానే ఆ తెలిసినది చూసినదానితో కలిసిపోయింది.

ప్రశ్నలో ఒక్క మాట మారితే

చూసినదాన్ని మార్చడానికి పెద్ద ప్రయత్నం కూడా అక్కరలేదు. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు 1974లో ప్రకటించిన ప్రయోగం ఈ విషయంలో చాలా ప్రసిద్ధమైనది. 45 మంది విద్యార్థులకి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళుతున్నాయని అడిగారు. కొందరిని "కార్లు ఢీకొని నుజ్జయినప్పుడు" ఎంత వేగంతో ఉన్నాయని అడిగారు. మరికొందరిని "ఒకదానికొకటి తగిలినప్పుడు" ఎంత వేగమని అడిగారు. ఫిల్ములు అందరికీ ఒకటే. అయినా మొదటివారు చెప్పిన సగటు వేగం గంటకి 40 మైళ్ళకి పైనే. రెండోవారు చెప్పినది 31.8 మైళ్ళు.

ఇంకో ప్రయోగంలో 150 మందికి ఒక ప్రమాదం చూపించారు. వారం తరవాత పిలిచి, "పగిలిన గాజుముక్కలు చూశారా?" అని అడిగారు. ఫిల్ములో గాజు పగలనే లేదు. "నుజ్జయినప్పుడు" అన్న మాటతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. "గుద్దుకున్నప్పుడు" అన్న మాట విన్న 50 మందిలో 7గురే చూశామన్నారు. వారం క్రితం విన్న ఒక్క మాట, లేని గాజుముక్కల్ని కళ్ళముందు నిలబెట్టింది!

కంగారులో మనం వేసే ప్రశ్నలు చూడండి. "నురగ వచ్చిందా?", "కుడిచెయ్యే గదా కొట్టుకుంది?", "ఆ నల్ల చొక్కావాడే గదా?" ఇవన్నీ జవాబుని నోటికందించే ప్రశ్నలు. డాక్టర్లు కూడా తొందరలో ఇలాంటివి వేస్తుంటారు. ఒకసారి "అవునండీ" అన్నాక, రెండోసారి అడిగితే అది ప్రశ్నలోంచి వచ్చిందన్న సంగతి మరిచిపోయి, చూసినట్టే చెబుతారు.

"అది మరిచిపోతానా!" అనేవారి సంగతి

చిన్న విషయాలు మరిచిపోతామేమోగాని, మనసుని కుదిపేసిన సంఘటన ఎలా మరిచిపోతామని మీకు అనిపించవచ్చు. సంఘటన జరిగిందన్న ముఖ్య విషయం నిజంగానే గట్టిగా గుర్తుంటుంది. చిక్కంతా వివరాల దగ్గరే.

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఆకాశంలో పేలిపోయింది. మర్నాడే ఎమరీ విశ్వవిద్యాలయంలో నైసర్, హార్ష్ అనే పరిశోధకులు ఆ వార్త ఎక్కడ, ఎవరి ద్వారా, ఏం చేస్తుండగా తెలిసిందో విద్యార్థుల చేత రాయించారు. దాదాపు రెండున్నరేళ్ళ తరవాత వారిలో 44 మందిని అవే ప్రశ్నలు అడిగారు. 11 మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటి కూడా మొదట రాసినదానితో కలవలేదు. అన్నీ కలిసినవాళ్ళు ముగ్గురే. విచిత్రమేమిటంటే, తప్పు చెప్పినవాళ్ళలో చాలామంది ఎంతో నమ్మకంతో చెప్పారు. వాళ్ళ చేతిరాత వాళ్ళకే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

కాబట్టి గొంతులో ఉన్న ధీమాని చూసి జ్ఞాపకం సరైనదని తీర్మానించకూడదు. ఈ పొరపాటు వల్ల ఒక మనిషి జీవితంలో పదేళ్ళు ఎలా పోయాయో చూడండి.

ఒక నిరపరాధి కథ

1984లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, బర్లింగ్టన్ ఊళ్ళో, ఒక దుండగుడు కాలేజీ విద్యార్థిని ఇంట్లో జొరబడి అత్యాచారం చేశాడు. ఆమె తెలివైనది, ధైర్యం గలది. బతికి బయటపడితే వాణ్ణి పట్టించాలని, ఆ సమయంలోనే వాడి మొహాన్ని పట్టిపట్టి చూసింది. తరవాత పోలీసులు చూపించిన ఫొటోల్లోంచి ఆలోచించి ఒకటి తీసింది. అది రొనాల్డ్ కాటన్ అనే యువకుడిది. మరికొన్ని రోజులకి కొందరిని వరసగా నిలబెట్టి చూపిస్తే కాస్త తటపటాయించి మళ్ళీ అతన్నే చూపించింది. ఫొటోలో గుర్తుపట్టినదీ ఇతన్నేనని పోలీసులు చెప్పారు. ఆమె మనసులో ఉన్న కాస్త సందేహమూ తీరిపోయింది. కోర్టులో తిరుగులేని నమ్మకంతో చెప్పింది. 1985లో కాటన్‌కి జీవిత ఖైదు పడింది.

అసలు నేరస్థుణ్ణి 1987లో రెండో విచారణప్పుడు కోర్టులో ఎదురుగా తెచ్చి నిలబెట్టినా ఆమె గుర్తుపట్టలేదు. అప్పటికి ఆమె జ్ఞాపకంలో ఆ రాత్రి మొహం స్థానంలో కాటన్ మొహం వచ్చి కూర్చుంది. చివరికి 1995లో డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తే ఆ నేరం కాటన్ చెయ్యలేదనీ, ఆనాడు కోర్టులో నిలబడ్డ ఆ రెండో మనిషే చేశాడనీ తేలింది. పదేళ్ళకి పైగా జైల్లో గడిపి కాటన్ విడుదలయ్యాడు.

ఆమె అబద్ధం చెప్పలేదు, నిర్లక్ష్యమూ చెయ్యలేదు. చూపించిన ప్రతిసారీ ఆ మొహం కొంచెం కొంచెంగా జ్ఞాపకంలో చేరింది. ఎదుటివాళ్ళు "సరిగ్గా చెప్పావు" అన్నకొద్దీ నమ్మకం పెరిగింది. అందుకే నిపుణులు ఇప్పుడు మొట్టమొదటిసారి, ఎవరూ ఏమీ చెప్పకముందు, సాక్షి ఎంత నమ్మకంతో చెప్పాడన్నదానికే ఎక్కువ విలువ ఇవ్వాలంటున్నారు.

మన దేశంలో కూడా ముక్కూమొహం తెలియని నేరస్థుణ్ణి గుర్తించవలసి వచ్చినప్పుడు ఐడెంటిఫికేషన్ పరేడ్ జరుపుతారు. అనుమానితుణ్ణి అలాంటి పోలికలే ఉన్న మరికొందరిలో కలిపి, మామూలుగా మేజిస్ట్రేటు సమక్షంలో నిలబెడతారు. అంతకుముందే అతన్ని సాక్షికి చూపించేస్తే ఆ పరేడ్‌కి విలువ లేకుండా పోతుంది. తమ తరఫు సాక్షిని విచారించేటప్పుడు జవాబు అందించే ప్రశ్నలు వెయ్యకూడదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలుకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ ఉంది.

అలాగని వివరాలు తప్పినంతమాత్రాన సాక్షిని అబద్ధాలకోరు అనడమూ తప్పే. మనుషులకి కెమెరా లాంటి జ్ఞాపకశక్తి ఉండదనీ, ఎంతసేపు జరిగిందన్నది మామూలుగా అందరూ ఉజ్జాయింపుగానే చెబుతారనీ, చిన్న చిన్న తేడాలకి పెద్ద ప్రాధాన్యం ఇవ్వకూడదనీ మన సుప్రీంకోర్టు 1983లో భార్వాడా భోగిన్‌భాయ్ హిర్జీభాయ్ కేసులో చెప్పింది. కుర్రవాడి తల్లి "అరగంట" అన్నదని ఆమె మాటంతా తోసిపారెయ్యనక్కరలేదు. కన్నబిడ్డ నేలమీద కొట్టుకుంటుంటే రెండు నిముషాలు అరగంటలాగే ఉంటుంది.

ఎవరి మాటకి ఎంత విలువ?

చూసినవాళ్ళు చెప్పేది వింటున్నప్పుడు ఈ సంగతులు ఆలోచించండి.

1. ఎక్కడినుంచి చూశారు? వెలుతురు ఎలా ఉంది? మొదటినుంచీ చూశారా, కేకలు విని వచ్చి చూశారా? పడిపోయిన తరవాత వచ్చినవారికి, ఎలా పడిపోయాడో తెలిసే అవకాశం లేదు.

2. ఎంత భయపడ్డారు? కత్తో తుపాకీయో ఎదురుగా ఉంటే చూపంతా దానిమీదే ఉంటుంది. పట్టుకున్నవాడి మొహం సరిగా నిలవదు.

3. ఎప్పుడు చెప్పారు? అదే రోజు చెప్పినదానికీ ఆరు నెలల తరవాత చెప్పినదానికీ చాలా తేడా ఉంటుంది.

4. చెప్పేముందు ఇతరులతో మాట్లాడారా? ముగ్గురు విడివిడిగా ఒకే మాట చెబితే అది బలమైనది. ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నాక ఒకే మాట చెబితే అది ఒక్కరి సాక్ష్యం కిందే లెక్క.

5. బయటి ఆనవాలు ఏదైనా ఉందా? కొరుక్కున్న నాలుక, తడిసిన బట్టలు, గడియారం చూసి రాసుకున్న టైము, ఫోనులో తీసిన వీడియో - ఇలాంటివి ఒక్కటున్నా మేలే.

6. చూసిన మనిషి ఆరోగ్యం ఎలా ఉంది? మద్యం ఎక్కువగా తాగినవారికి కొన్ని గంటల జ్ఞాపకమే ఉండకపోవచ్చు. తలకి దెబ్బ తగిలినవారు దెబ్బకి ముందు జరిగినది కూడా మరిచిపోవచ్చు. "బాగా ఆలోచించు, గుర్తు తెచ్చుకో" అని వాళ్ళని వేధిస్తే ఊహించి చెబుతారు.

ఇంట్లో మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళుంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. గొలుసు ఎక్కడో దాచి మరిచిపోయి, "పనిమనిషి తియ్యడం నా కళ్ళతో చూశాను" అనవచ్చు. ఆమె కావాలని నింద వెయ్యడం లేదు. ఖాళీని మెదడు పూరించింది. ముందు దిండుగలీబులు, బియ్యం డబ్బాలు వెతికించండి. ఒక పేదరాలి బతుకుతెరువు పోకుండా కాపాడినవారవుతారు.

పిల్లల్ని అడిగేటప్పుడు

పిల్లలు చూసింది బాగానే చెప్పగలరు. కాని పెద్దవాళ్ళు ఏ జవాబు కోరుతున్నారో కూడా ఇట్టే పసిగడతారు. ఒకే ప్రశ్న రెండుసార్లు వేస్తే, మొదటి జవాబు తప్పేమోనని మార్చేస్తారు. "ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు నాన్నా" అని ఊరుకోండి. మధ్యలో అడ్డురావద్దు. "తెలియదు" అంటే ఒప్పుకోండి.

తనతో ఎవరైనా అసభ్యంగా ప్రవర్తించారని పిల్లలు చెబితే ఎన్నడూ కొట్టిపారెయ్యవద్దు. అలాగని ఇంటిల్లిపాదీ తలొకసారి ప్రశ్నించవద్దు. చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుని, పోలీసులకో, పిల్లల సహాయానికి ఉన్న 1098 నంబరుకో తెలియజెయ్యండి. పిల్లల్ని సాక్ష్యం కోసం మాటిమాటికీ కోర్టుకి పిలవకూడదని 2012 నాటి పోక్సో చట్టం కూడా చెబుతోంది.

కళ్ళముందు ఎవరైనా పడిపోతే

ముందు ప్రాణం, తరవాతే సాక్ష్యం. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపండి. కొట్టుకోవడం తగ్గగానే మనిషిని ఒక పక్కకి ఒత్తిగిలేటట్లు తిప్పండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. అయిదు నిముషాలు దాటినా ఆగకపోయినా, ఒకసారి తగ్గి తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఒకరు సాయం చేస్తుంటే, మరొకరు గడియారం చూడండి. సెల్‌ఫోను ఉంటే వీడియో తియ్యండి. అది డాక్టరుకి చూపించడానికే, ఊరంతా పంచిపెట్టడానికి కాదు. ఆ తరవాత చూసినవాళ్ళు, ఒకరితో ఒకరు చర్చించుకోకముందే, ఎవరికి వారు ఈ సంగతులు కాగితం మీద రాయండి: పడిపోకముందు ఏం చేస్తున్నాడు? ఎండలో నిలబడ్డాడా, తిండి మానేశాడా, నిద్రలో ఉన్నాడా? మొహం పాలిపోయిందా, నీలంగా మారిందా? కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసుకున్నాయా? ముందు ఏ చెయ్యి, ఏ కాలు కదిలింది? ఎంతసేపటికి తెలివి వచ్చింది? వచ్చాక వెంటనే మామూలుగా మాట్లాడాడా, చాలాసేపు అయోమయంగా ఉన్నాడా? సరిగా చూడని విషయం ఎదురుగా "చూడలేదు" అని రాయండి. ఊహించి చెప్పిన జవాబుకన్నా డాక్టరుకి ఆ మాటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

డాక్టరు దగ్గరకి వెళ్ళేటప్పుడు ఆ కాగితాలు తీసుకువెళ్ళండి. ఇంటి పెద్ద వెళ్ళడం మన ఆనవాయితీ. కాని ఆయన చూడకపోతే, చూసినది పదేళ్ళ చెల్లెలైనా సరే, ఆ పిల్లని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ఆ పిల్ల చెబుతున్నప్పుడు మధ్యలో ఎవరూ సరిదిద్దకుండా ఉంటే చాలు.